తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?

(చూపు, వినికిడి లోపం గల పిల్లల తల్లిదండ్రుల కోసం నంద్యాలలో జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మాకు అప్పగించిన అంశం వినడానికి కొంత పొడిగా ఉంటుంది. బడి భవనాలను రాష్ట్రస్థాయిలో ఒకేచోట నుండి నిర్వహించడం, దాని వలన చూపు, వినికిడి లోపం ఉన్న పిల్లలకు కలిగే మేలు, కీడు. పింఛను గురించి, సదరం ధ్రువపత్రం గురించి మాట్లాడితే బాగుండునని కొందరు తల్లులు ఇందాక అన్నారు. భవనాల సంగతి ఇంజనీర్లు చూసుకుంటారు కదా, మనకెందుకన్నారు. వారి ప్రశ్న సబబైనదే. అందుకే సమాధానం అక్కడి నుండే మొదలుపెడతాము.

చూపు ఉన్న పిల్లవాడికి బడి అంటే పుస్తకం, పంతులు, తోటి పిల్లలు. గోడలు, మెట్లు అతడి గమనంలోకే రావు. చూపులేని పిల్లకు మాత్రం పుస్తకానికన్నా ముందు ఆ గోడే తెలియాలి. గేటు నుండి వరండాకు ఎన్ని అడుగులు, మెట్లు మూడా నాలుగా, గోడ ఎక్కడ ముగిసి ఖాళీ మొదలవుతుంది, నీటి కుళాయి చప్పుడు ఏ వైపు నుండి వస్తుంది, ఇవన్నీ వారం పది రోజులు తడుముకొని మనసులో పటం గీసుకుంటుంది. ఆ పటం కుదిరిన తరువాత ఎవరి చేయీ పట్టుకోకుండా నడుస్తుంది. ఒకనాడు ఎవరో వరండాలో ఇసుక పోయిస్తారు. మరొకనాడు విరిగిన బల్లలను దారికి అడ్డంగా పేరుస్తారు. కిటికీ రెక్కలు వరండాలోకి, సరిగ్గా ముఖం ఎత్తున తెరుచుకొని ఉంటాయి. చేతికర్ర నేలమీది అడ్డాన్ని పట్టుకుంటుంది గాని, ముఖం ఎత్తున ఉన్న రెక్కను పట్టుకోలేదు. ఆనాటితో పటం చెదిరిపోతుంది, నుదురు పగులుతుంది. మరునాడు తల్లి ఆ పిల్లను బడికి పంపదు.

ఇంకొక సంగతి. అంధులుగా నమోదైన పిల్లలలో చాలామందికి ఎంతో కొంత చూపు ఉంటుంది. వారికి వెలుతురు, రంగుల తేడా ప్రాణం. బూడిదరంగు మెట్టు పక్కన బూడిదరంగు నేల ఉంటే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. ప్రతి మెట్టు అంచున రెండు అంగుళాల పసుపు పట్టీ వేస్తే ఆ పిల్లవాడు పడకుండా దిగుతాడు. దానికి ఒక చిన్న రంగు డబ్బా, ఒక కుంచె చాలు.

వినికిడి లోపం ఉన్న పిల్లల కష్టం బయటివారికి కనిపించదు. రేకుల కప్పు కింద తరగతి పెట్టి, పైన వాన పడుతుంటే మామూలు పిల్లలకే పాఠం వినపడదు. వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లవాడికి పాత ఫ్యాను కిరకిర, బల్లలు జరిపే చప్పుడు, పంతులు గొంతు అన్నీ ఒకే మోతాదులో చెవిలోకి దూరతాయి. చాలాసార్లు ఆ పిల్లలు యంత్రాన్ని తీసి జేబులో వేసుకునేది ఇందువల్లనే, మొండితనం వల్ల కాదు. పెదవుల కదలికను, చేతి సైగలను చూసి నేర్చుకునే పిల్లలకు ఉపాధ్యాయుడి ముఖం మీద వెలుతురు పడాలి. ఉపాధ్యాయుడు కిటికీకి వీపు పెట్టి నిలబడితే ముఖం చీకటిగా ఉంటుంది, ఆ గంట వృథా. బడి గంట వినబడదు కాబట్టి గంటతోపాటు వెలిగే ఒక దీపం కావాలి. మరుగుదొడ్డి తలుపు లోపల గడియ బిగుసుకుపోతే, బయటి నుండి ఎవరు పిలిచినా ఆ పిల్లకు వినపడదు. ఇవి వింతైన కోరికలు కావు. కట్టేటప్పుడు ఆలోచిస్తే దాదాపు ఖర్చు లేనివి. కట్టిన తరువాత మార్చాలంటే ఫైలు నడవాలి.

ఆ ఫైలు ఎక్కడిదాకా నడవాలన్నదే నేటి అంశం.

మన రాష్ట్రంలో బడి భవనం ఒకరి ఆస్తి, నిర్వహణ మరొకరిది, బిల్లు ఇంకొకరిది. సాధారణ పాఠశాలలు పాఠశాల విద్యాశాఖ కింద ఉన్నాయి. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం మండలాలలో నడిచే భవిత కేంద్రాలు సమగ్ర శిక్ష కింద ఉన్నాయి. చూపు, వినికిడి లోపం పిల్లల ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలు విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖవి. మైనారిటీ గురుకులాలను గురుకుల విద్యాలయాల సంస్థ నడుపుతుంది. పురపాలక పాఠశాలల సంగతి మరీ చిత్రం. 2022 జూన్‌లో వాటి పర్యవేక్షణ పాఠశాల విద్యాశాఖకు మారింది గాని, ఆస్తి పురపాలక సంఘాల పేరనే ఉండిపోయింది. నంద్యాల, ఆళ్లగడ్డ వంటి పట్టణాలలో మన ముస్లిం పిల్లలు, ముఖ్యంగా ఉర్దూ మాధ్యమం పిల్లలు ఎక్కువగా చదివేది పురపాలక పాఠశాలలలోనే కాబట్టి ఇది మనకు పరాయి విషయం కాదు. కప్పు కురిస్తే ఎవరికి వ్రాయాలి? ఉద్యోగ జీవితమంతా గుమాస్తాగిరి చేసిన మాకే ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం దొరకడం లేదు.

ఇన్ని చేతులు ఉండడంకన్నా ఒక్క చేతిలోకి రావడం మేలు కదా అని ఎవరికైనా తోస్తుంది. ఆ మాటలో నిజం ఉన్నది. దానిని కాదనడం మా ఉద్దేశం కాదు. 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన మనబడి నాడు-నేడు మొదటి విడతలో 15,715 పాఠశాలలను తీసుకున్నారు. మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతులు, విద్యుత్తు, బల్లలు, ఆకుపచ్చ నల్లబల్లలు, రంగులు, ఆంగ్ల ప్రయోగశాలలు, ప్రహరీలు, వంటశాలలు అంటూ అంశాల జాబితా ఒకేచోట తయారైంది. బల్లలు, ఫ్యాన్లు, రంగులు రాష్ట్రస్థాయిలో ఒక్కసారిగా కొన్నారు. పనులు మాత్రం బడి తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా జరిగాయి. ఏ పార్టీ ప్రభుత్వం చేసిందన్న తగాదా ఈ సభకు అక్కరలేదు. కొనుగోలు పైన, పని కింద అన్న ఆ పంపకంలో మంచి ఆలోచన ఉన్నది. తల్లులు కూర్చొని ఇటుకలు లెక్కపెట్టుకున్న బడులలో పని నాణ్యంగా జరిగింది.

అయితే ఆ జాబితాను మరొకసారి గుర్తు చేసుకోండి. చూపులేని, వినికిడి లేని పిల్లల అవసరాలు అందులో ఒక విడి అంశంగా లేవు. రాష్ట్రమంతటా మెట్లకు, గోడలకు రంగు వేయించిన చేతితోనే మెట్టు అంచుకు పసుపు పట్టీ వేయమని ఒక్క వాక్యం చేర్చి ఉంటే, 15,715 బడులలో ఆ పట్టీ పడేది. కేంద్రీకరణకు ఉన్న బలం అదే, ప్రమాదమూ అదే. పైన కూర్చున్నవారికి గుర్తుంటే అందరికీ అందుతుంది, గుర్తులేకపోతే ఎవరికీ అందదు. కింద ఉన్న ప్రధానోపాధ్యాయుడికి ఆ పిల్ల పేరు తెలిసినా, జాబితాలో లేని పనికి రూపాయి ఖర్చు పెట్టే అధికారం ఉండదు.

బిల్లుల సంగతి కూడా ఇటువంటిదే. 2018 నుండి మన రాష్ట్రంలో చెల్లింపులు సీఎఫ్‌ఎంఎస్ అనే ఒకే వ్యవస్థ ద్వారా జరుగుతున్నాయి. అంతకుముందు ఉప ఖజానా కార్యాలయానికి వెళ్లి, బిల్లు ఎక్కడ ఆగిందో అడిగితే, అభ్యంతరం ఏమిటో కాగితం మీద వ్రాసి ఇచ్చేవారు. సరిదిద్ది మళ్లీ పెట్టేవాళ్లం. ఆ పద్ధతిలో లోపాలు లేవని కాదు, చేతులు తడపడం ఉండేది, అది అందరికీ తెలిసినదే. నేడు బిల్లు కంప్యూటరులోకి వెళ్లిన తరువాత వరుసలో నిలబడుతుంది. ఆ వరుసలో కోట్ల రూపాయల రహదారి బిల్లూ ఉంటుంది, ఒక భవిత కేంద్రం కిటికీ మరమ్మతు బిల్లూ ఉంటుంది. ఏది ముందు కదులుతుందో వేరుగా చెప్పనవసరం లేదు. చిన్న మేస్త్రీ రెండుసార్లు అనుభవించి, మూడవసారి బడి పనికి రాడు.

మేము కొందరం విశ్రాంత ఉద్యోగులం కలిసి మన జిల్లాలో కొన్ని బడులు, కొన్ని భవిత కేంద్రాలు తిరిగి చూశాము. ఊరి పేరు చెప్పము, అక్కడ పనిచేసే ఉపాధ్యాయులకు ఇబ్బంది కలుగకూడదు. ఒకచోట కేంద్రం గది ముందు చేయిపట్టుకొని నడిచే కడ్డీ ఉన్నది, చక్కగా ఉన్నది. కాని ఆ కడ్డీ ముగిసిన రెండు అడుగుల దూరంలో మూతలేని నీటి సంపు ఉన్నది. కడ్డీని నమ్మి నడిచిన పిల్లవాడు ఎక్కడికి చేరతాడో ఆలోచించండి. మూత వేయించమని ఉపాధ్యాయురాలు వ్రాసిన లేఖల నకళ్లు మాకు చూపించారు. అంచనా వేయాలి, సాంకేతిక మంజూరు రావాలి, పరిపాలనా ఆమోదం రావాలి, అన్నీ పై స్థాయిలోనే. మంజూరు వచ్చే లోపల ఆ ఉపాధ్యాయురాలు ఏం చేశారంటే, తన ఇంటి నుండి ఒక పాత చెక్క తలుపు తెప్పించి సంపు మీద పడవేయించారు. ఒప్పంద ఉద్యోగి ఆమె. జీతం ఎంతో మీకు తెలుసు.

ఇటువంటి మరమ్మతుల కోసమే డబ్బు లేదా అంటే, ఉన్నది. అమ్మ ఒడి పథకంలో తల్లికి ప్రకటించిన 15,000 రూపాయల నుండి బడి నిర్వహణకు, మరుగుదొడ్ల నిర్వహణకు కలిపి 2,000 మినహాయించారు. ప్రభుత్వం మారి తల్లికి వందనం వచ్చినా 13,000 చేతికిచ్చి 2,000 నిర్వహణకు ఉంచే పద్ధతి అలాగే సాగింది. అంటే మీ పిల్ల పేరన మీకు రావలసిన సొమ్ములో నుండే బడి భవనం నడుస్తున్నది. ఆ సంపు మూత ఎందుకు పడలేదని అడగడానికి మీకు ఇంతకన్నా గట్టి హక్కు ఏం కావాలి?

ఇప్పుడు దూరం సంగతికి వద్దాము. రాష్ట్ర ప్రభుత్వపు ఆశ్రమ పాఠశాలలు వినికిడి లోపం పిల్లలకు బాపట్లలో, చూపులేని పిల్లలకు హిందూపురంలో, విశాఖపట్నంలో ఉన్నాయి. ఆళ్లగడ్డ నుండి విశాఖపట్నం వెళ్లాలంటే రాత్రంతా ప్రయాణం చేసినా తెల్లవారి ఇంకా దారిలోనే ఉంటాము. 2014కు ముందు మనకు హైదరాబాదు ఉండేది. మలక్‌పేటలో, దారుల్‌షిఫాలో ఉన్న ప్రభుత్వ పాఠశాలలు కర్నూలు దాటితే కొన్ని గంటల దూరం. అక్కడ పాతబస్తీలో మనవారికి మేనమామో పిన్నమ్మో ఎవరో ఒకరు ఉండేవారు. శుక్రవారం వెళ్లి పిల్లను చూసి వచ్చేవారు. రాష్ట్రం విడిపోయినప్పుడు నీళ్ల గురించి, రాజధాని గురించి ఎంత మాట్లాడారో మీరంతా విన్నారు. ఆ బడుల భవనాలు అవతలి రాష్ట్రానికి వెళ్లిపోయాయని, రాయలసీమలోని చూపులేని పిల్లల సంగతి ఏమిటని అడిగిన గొంతులు బహు తక్కువ. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. కలెక్టరు కార్యాలయం వచ్చింది, పోలీసు కార్యాలయం వచ్చింది. కొత్త జిల్లాకు రావలసిన వాటి లెక్కలో ఈ పిల్లల బడిని వ్రాయించవలసిన పని మనదే.

కొన్ని పెద్ద భవనాలు కట్టి, అందరినీ అక్కడికి తరలించి, అక్కడే వసతులన్నీ పెడితే నిర్వహణ సులభం అనేది పరిపాలకుల లెక్క. ఆ లెక్క తప్పని పూర్తిగా అనలేము. ఒక బ్రెయిలీ గ్రంథాలయాన్ని, ఒక వినికిడి పరీక్ష గదిని ప్రతి ఊరిలో పెట్టలేరు. కాని ఆ లెక్కలో పడని కొన్ని విషయాలు మన ఇళ్లలో ఉన్నాయి. మొదటిది ఆడపిల్లలు. పన్నెండేళ్ల చెవిటి పిల్లను, తన కష్టం నోటితో చెప్పుకోలేని పిల్లను, రాత్రి ప్రయాణం దూరంలో వదిలి రావడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఇది ముస్లింల వెనుకబాటుతనమని కొందరు అధికారులు తేలికగా అనేస్తారు. ఏ మతం తల్లిని అడిగినా అదే మాట చెబుతుంది. రెండవది భాష. మన ఇళ్లలో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు. వినికిడి లోపం ఉన్న మన పిల్ల అమ్మ పెదవులను చదివేది ఉర్దూలో, పంతులమ్మ పెదవులను చదవవలసింది తెలుగులో, పైన సంజ్ఞాభాష నేర్చుకోవాలి. ఆశ్రమ పాఠశాలలో అయిదేళ్లు ఉండి వచ్చిన పిల్లవాడు సంజ్ఞాభాషలో చక్కగా మాట్లాడతాడు, ఇంట్లో అమ్మతో మాట్లాడడానికి మాత్రం మాధ్యమం ఉండదు. భారతీయ సంజ్ఞాభాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015 నుండి ఢిల్లీలో ఉన్నది, పదివేల పదాల సంజ్ఞా నిఘంటువు కూడా తయారుచేసింది. ఆ నిఘంటువు పిల్లవాడికి చేరినంత సులభంగా తల్లికి చేరడం లేదు. బడి దగ్గరలో ఉంటే తల్లి కూడా పిల్లతోపాటు కూర్చొని నాలుగు సంజ్ఞలు నేర్చుకుంటుంది.

బడులను కలపడం వలన కూడా ఇటువంటి నష్టమే జరిగింది. 2022లో వచ్చిన జీవో 117 ప్రకారం మూడు, నాలుగు, అయిదు తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు తరలించారు. తరువాతి ప్రభుత్వం దానిని పక్కనపెట్టి వేరే విధంగా బడులను అమర్చింది. కాగితం మీద ఇవి రెండు ఉత్తర్వులు. చూపులేని పిల్లవాడికి మాత్రం రెండుసార్లు ఊరు మారినట్లే. మొదటి బడి పటాన్ని చెరిపి రెండవది గీసుకున్నాడు. అది కుదిరేలోపల దానినీ చెరపవలసి వచ్చింది. ఉత్తర్వు వ్రాసేవారు కిలోమీటరు దూరాన్ని లెక్క వేశారు గాని, ఆ కిలోమీటరులో దాటవలసిన రహదారిని, మూతలేని మురుగు కాలువను, ఆగి ఉన్న ట్రాక్టరును లెక్కలోకి తీసుకోలేదు.

చట్టం ఏమి చెబుతున్నదో కూడా తెలుసుకోవాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. దాని 16వ సెక్షను ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే, లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రతి విద్యాసంస్థ తన భవనాన్ని, ఆవరణను ఈ పిల్లలకు అందుబాటుగా మార్చాలి. అంధులకు, బధిరులకు తగిన భాషలో, తగిన పద్ధతిలో బోధన జరగాలి. 17వ సెక్షను ప్రకారం అయిదేళ్లకొకసారి బడి ఈడు పిల్లల సర్వే జరగాలి. 31వ సెక్షను చాలా విలువైనది. నిర్ణీత వైకల్యం గల పిల్లకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఇంటి దగ్గరి బడిలో గాని, తాను కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య హక్కు. ఆ ఎంపిక పిల్లది. మీకు బాపట్ల తప్ప వేరే దారి లేదని ఎవరైనా చెబితే, ఆ మాటను కాగితం మీద వ్రాసి ఇమ్మని అడగండి.

ఉన్న ప్రభుత్వ భవనాలను అయిదేళ్లలో అందుబాటుగా మార్చాలని 45వ సెక్షను చెప్పింది. నియమాలు వచ్చింది 2017 జూన్‌లో. అంటే 2022 జూన్‌తో ఆ గడువు ముగిసింది. ఎందుకు అమలు కాలేదన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రాజీవ్ రాటూరి అనే, చూపులేని ఒక హక్కుల కార్యకర్త వేసిన కేసులో హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం దేశంలోని పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది. 2024 నవంబరు 8న కోర్టు తీర్పు చెబుతూ, అందుబాటు ప్రమాణాలను సలహాల వలె వ్రాసిన 15వ నియమం మూల చట్టానికే విరుద్ధమని కొట్టివేసింది. తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలలలో తయారు చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. మా పాత ఉద్యోగ భాషలో చెప్పాలంటే, 'చేయవచ్చును' అన్నచోట 'చేయవలెను' అని వ్రాయమన్నది. ఈ రెండు మాటల మధ్య తేడా ఏమిటో కచేరీలో ఒక్క సంవత్సరం పనిచేసినవాడికైనా తెలుస్తుంది.

కాబట్టి ప్రమాణం పైన నిర్ణయమవడాన్ని మనం వ్యతిరేకించము, కోరుకుంటాము. మెట్టు అంచు రంగు ఎట్లుండాలో, కిటికీ రెక్క ఏ వైపు తెరుచుకోవాలో, సంపుకు మూత ఉండాలో లేదో ఊరూరా సర్పంచి ఇష్టానికి వదలకూడదు. మనం వ్యతిరేకించేది నిర్వహణను, చిన్న మరమ్మతుల డబ్బును, గది తాళంచెవిని కూడా పైకి తీసుకుపోవడాన్ని.

భవనం ఒక్కచోటి ఆస్తి పట్టికలోకి చేరితే జరిగే మరొక ప్రమాదాన్ని అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం చూసింది. సేలం పట్టణంలో తరతరాలుగా నడిచిన రాష్ట్ర అంధుల పాఠశాలను శాసనసభ నిర్ణయం మేరకు 2009లో మూసివేశారు. పిల్లలు తక్కువ, భవనాల ఖర్చు ఎక్కువ అన్నది వారి వాదన. ఆ స్థలాన్ని పక్కనున్న ఆసుపత్రి కొనుక్కున్నది. అయితే అక్కడ ఒక మంచి పని చేశారు. చూపులేని విద్యార్థుల కోసం ఒక ప్రత్యేక నిధిని చట్టం ద్వారా ఏర్పాటు చేశారు. మన దగ్గర పట్టణం నడిబొడ్డున ఉన్న బడి స్థలం విలువ పెరిగితే ఏమవుతుందో మీరే ఊహించగలరు. నిధి మాట ఎవరైనా ఎత్తుతారా అన్నది సందేహమే.

మైనారిటీ సంస్థల నిర్వాహకులు కొందరు ఇక్కడ ఉన్నారు. 2021లో ఎయిడెడ్ సంస్థలను ఆస్తులతో సహా ప్రభుత్వానికి అప్పగించడమా, గ్రాంటు వదులుకోవడమా అన్న పరిస్థితి వచ్చినప్పుడు వారు పడిన ఆందోళన మాకు తెలుసు. నిరసనల తరువాత అదే సంవత్సరం నవంబరులో, ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకొని పూర్వం వలెనే కొనసాగే వీలు కల్పించారు. రాజ్యాంగం 30వ అధికరణం మన సంస్థలను మనం నడుపుకొనే హక్కు ఇచ్చింది. ఆ హక్కు కోసం నిలబడే సంస్థ 16వ సెక్షనుకు కూడా నిలబడవలసి ఉంటుంది, ఎందుకంటే ఆ సెక్షను గుర్తింపు పొందిన ప్రతి బడికీ వర్తిస్తుంది. ప్రభుత్వం నుండి ర్యాంపు అడిగేవారి సొంత బడి మెట్ల మీద పసుపు పట్టీ ఉన్నదా అని ఎవరైనా అడిగితే, ఉన్నదని చెప్పగలిగి ఉండాలి. దైవప్రవక్త (స) కాలంలో చూపులేని అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (ర) మదీనా మసీదులో అజాన్ ఇచ్చారు, ప్రవక్త (స) ప్రయాణాలలో ఉన్నప్పుడు మదీనా బాధ్యతలు కూడా నిర్వహించారు. ఆయన విషయమై దివ్య ఖుర్ఆన్‌లో 'అబస' సూరా అవతరించిన సంగతి ఇక్కడి పిల్లలకు సైతం తెలుసు. మన మసీదు కమిటీలకు ఇంతకు మించి మేము చెప్పేది లేదు.

జనగణన మాట కూడా చెప్పాలి. 2011 లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో చూపు లోపం ఉన్నవారు సుమారు 50 లక్షలు, వినికిడి లోపం ఉన్నవారు కూడా ఇంచుమించు అంతే. పాతబడిన లెక్క ఇది. పైనుండి భవనం రావాలన్నా, గది రావాలన్నా, ఉపాధ్యాయుడు రావాలన్నా ఆధారం పిల్లల సంఖ్యే. పెళ్లి సంబంధాలకు అడ్డం వస్తుందని పిల్ల లోపాన్ని దాచే కుటుంబాలు మన వీధులలో ఉన్నాయి. వారి భయం మాకు అర్థమవుతుంది, కోపగించుకోము. కాని పేరు లేని పిల్లకు బ్రెయిలీ పుస్తకం రాదు, సమగ్ర శిక్ష కింద ఆడపిల్లకు వచ్చే నెలకు 200 రూపాయల ఉపకార వేతనం కూడా రాదు.

మేము కోరేది ఏమిటంటే, తరగతికి వెళ్లే దారిలో ఉన్న ప్రమాదాన్ని తొలగించే పనికి, ఒక పరిమితి వరకు, ప్రధానోపాధ్యాయుడు, తల్లిదండ్రుల కమిటీ కలిసి ముందు ఖర్చు చేసి తరువాత లెక్క చూపే అధికారం ఉండాలి. బడులను కలిపేటప్పుడు, తరగతులను మార్చేటప్పుడు ఆ బడిలో చూపులేని పిల్ల ఉంటే, ఆ పిల్ల కొత్త ఆవరణలో తిరగడం నేర్చుకునేదాకా ఒక మనిషిని తోడు ఇవ్వాలి. నంద్యాల జిల్లాలో కనీసం ఒకచోట, ఆడపిల్లలకు వసతితో సహా, రెండు రకాల పిల్లలకూ తగిన బడి ఉండాలి. అది వచ్చేదాకా భవిత కేంద్రాలలో బ్రెయిలీ తెలిసినవారు, సంజ్ఞాభాష తెలిసినవారు ఉండాలి. మన మైనారిటీ సంక్షేమ శాఖా మంత్రి ఫరూఖ్ గారు ఈ నంద్యాల నియోజకవర్గం నుండి ఎన్నికైనవారే. భవనాల విషయం తన శాఖది కాదని ఆయన అనవచ్చు. అన్ని శాఖలూ ఇదే మాట అంటాయి గనుకనే ముందు ఆయనకు వ్రాస్తున్నాము.

కమిటీల విషయం చాలామందికి తెలియదు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. వెనుకబడిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటు ఉండాలి. 2012 సవరణతో వికలాంగ పిల్లలను కూడా ఆ నిర్వచనంలో చేర్చారు. అందుచేత మీ బడి కమిటీ ఎన్నికనాడు ఇంట్లో కూర్చోవద్దు. మీ పిల్ల పక్షాన మీకు అక్కడ చోటు ఉన్నది, అది ఎవరి దయా కాదు.

సమాచార హక్కు దరఖాస్తు నమూనాలు బయట బల్లమీద ఉన్నాయి. మీ బడి నిర్వహణ నిధిలో గత మూడేళ్లలో ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, చూపు, వినికిడి లోపం పిల్లల కోసం ఏ పని చేశారు అన్న మూడు ప్రశ్నలు అందులో ముద్రించాము. గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజులలో సమాధానం రావాలి. ఇచ్చేటప్పుడు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరవకండి. తపాలు గుమాస్తా తరువాత వేస్తానంటే అక్కడే నిలబడండి. సదరం ధ్రువపత్రం లేని పిల్లల పేర్లు వ్రాసుకొనేందుకు జొహర్ నమాజు తరువాత ముగ్గురు యువకులు ఈ హాలులోనే కూర్చొని ఉంటారు. సచివాలయంలో స్లాటు తీసుకోవడం నుండి ఆసుపత్రికి తోడు రావడం వరకు వారే చూసుకుంటారు. ఆధార్ నకలు, పిల్ల ఫొటో తెచ్చినవారు ఈ రోజే ఇవ్వండి. తేనివారు వచ్చే ఆదివారం తెచ్చి ఇవ్వవచ్చు.